ఏ లైసెన్సు పెట్టాలి, ఎలా రాయాలి? సిక్కోలు, విజయనగరం టీచర్లకు, ఫోటోగ్రాఫర్లకు, పాటలు రికార్డు చేసేవాళ్ళకు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే శ్రీకాకుళం జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపుల నిండా పీడీఎఫ్‌లే. బిట్ బ్యాంకులు, మ్యాప్ పాయింటింగు, చదువులో వెనకబడిన పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన మెటీరియల్. చాలావాటి చివరి పేజీలో ఒక లైను ఉంటుంది: "ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు." రథసప్తమికి అరసవల్లిలో తీసిన ఫోటోల కిందా అదే లైను, విజయనగరం సిరిమానోత్సవం వీడియోల కిందా అదే. ఇచ్చేవాళ్ళది పెద్ద మనసే, కాదనను. తీసుకునేవాళ్ళకి మాత్రం అనుమానాలు అలాగే ఉండిపోతాయి. మార్చుకోవచ్చా? ప్రింటు వేసి అమ్మొచ్చా? పేరు చెప్పాలా? చెబితే ఎవరి పేరు?

ఈ అనుమానాల వల్ల ఆగిపోయేది పద్ధతిగా ఉండేవాళ్ళే. చిన్న ప్రచురణకర్త, వికీపీడియాలో రాసే కుర్రాడు, పక్క జిల్లా టీచరు "ఎందుకొచ్చిన గొడవ" అని వదిలేస్తారు. పేరు చెరిపి తన లోగో వేసుకునే కోచింగ్ సెంటరువాడు ఆ లైను ఉన్నా లేకున్నా తీసుకుంటాడు. ఎవరికి అందాలని పెట్టామో వాళ్ళకి అందదు, ఎవరి చేతిలో పడకూడదనుకున్నామో వాళ్ళ చేతిలో పడుతుంది.

అందుకే ఏ లైసెన్సు (ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే అనుమతి) అన్నది రెండో సంగతి అంటాను. ఎంచుకున్నదేదో అనుమానానికి తావు లేకుండా రాయడం మొదటి సంగతి.

చట్టం ఎలా చూస్తుంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. నోట్సు రాసిన క్షణంలో, ఫోటో తీసిన క్షణంలో హక్కు పుట్టేస్తుంది. రిజిస్ట్రేషను అక్కర్లేదు, © గుర్తు కూడా అక్కర్లేదు. మీరేమీ రాయకపోతే సొంత చదువు, పరిశోధన, విమర్శలాంటి కొన్ని మినహాయింపులు తప్ప మిగతా వాడకానికంతటికీ మీ అనుమతి కావాల్సిందే.

ఇందులో ఒక మెలిక ఉంది. 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్ళే అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టమే లెక్కేసుకుంటుంది. హక్కుల బదిలీ కోసం 19వ సెక్షన్‌లో పెట్టిన ఈ నియమాల్ని 30ఏ సెక్షన్ లైసెన్సులకీ తెచ్చింది. పొలం కౌలుకిచ్చేటప్పుడు ఎన్నేళ్ళకో, ఏ గట్టు దాకానో అనుకోకుండా ఇవ్వం కదా, ఇదీ అంతే. "ఎవరైనా వాడుకోవచ్చు" అని 2019లో పెట్టిన పాఠాన్ని ఇవాళ అమెరికాలో మనవాళ్ళ పిల్లలకు తెలుగు నేర్పే బడి వాడుకుంటే, గడువూ దాటింది, హద్దూ దాటింది అని వాదించడానికి సందుంది. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ ఎవరైనా పెట్టుకోవడానికి తయారుచేసి ఉంచిన లైసెన్సుల్లో మాత్రం ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నన్నాళ్ళూ అని ముందే రాసి ఉంటుంది. సొంతంగా ఒక లైను అల్లుకునే బదులు తయారుగా ఉన్న లైసెన్సు పేరు చెప్పమనడానికి నాకు ఇదొక్కటే చాలు.

ముందు అది మీదేనా?

మనది కానిదానికి లైసెన్సు పెడితే అది చెల్లదు, పైగా నమ్మి వాడినవాడు ఇరుక్కుంటాడు. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా తయారు చేసింది యజమానిది, ప్రభుత్వం చేయించింది ప్రభుత్వానిది. సాయంత్రం ఇంట్లో మీ అంతట మీరు చేసుకున్న బిట్ బ్యాంకు వేరు, ట్రైనింగుకి పిలిచి కూర్చోబెట్టి రాయించిన మాడ్యూలు వేరు. రెండోదైతే రాయించినవాళ్ళని అడగాలి. పాఠ్యపుస్తకంలో బొమ్మ స్కాన్ చేసి మధ్యలో పెట్టారా, ఆ బొమ్మ మీ లైసెన్సులోకి రాదు.

స్టూడియోవాళ్ళు చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం లేకుంటే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఉత్సవ కమిటీ డబ్బిచ్చి తీయించిన ఫోటోలకు లైసెన్సు పెట్టాల్సింది కమిటీ, స్టూడియో కాదు.

ఇక ఫోటోలో ఏముంది అన్నది. కోట, గుడి, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహం ఫోటో తీసి ప్రచురించడానికి 52వ సెక్షన్ అడ్డు చెప్పదు. గోడల మీద కొత్తగా వేసిన బొమ్మలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. అవి చిత్రకళ, గీసినవారి హక్కు అలాగే ఉంటుంది. విజయనగరం కోట ఫోటోకి మీ లైసెన్సు పెట్టుకోవచ్చు గానీ, ఎదురుగా గోడ మీది బొమ్మనే ఫ్రేము నిండా తీస్తే అది సగం మీదే.

పెద్దల రచనల దగ్గర రెండు రకాల తప్పులూ చూస్తుంటాం. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, గిడుగు రామమూర్తి 1940లో పోయారు. కాబట్టి గిడుగువారి సవర భాషా గ్రంథాలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. వాటిని స్కాన్ చేసి "మా అనుమతి లేకుండా వాడరాదు" అని స్టాంపు వేసేవాళ్ళున్నారు. స్కాన్ చేసినంత మాత్రాన కొత్త హక్కు పుట్టదు, అక్కడ పెట్టాల్సింది పబ్లిక్ డొమైన్ గుర్తు, అంటే హక్కు తీరిపోయి అందరిదీ అయిందని చెప్పే గుర్తు. దీనికి తలకిందులుగా మన శ్రీకాకుళం చిత్రకారుడు వడ్డాది పాపయ్య బొమ్మలు "ఫ్రీ" అని తిరుగుతుంటాయి. ఆయన పోయింది 1992లో, హక్కులు 2052 చివరిదాకా ఉన్నాయి. పాతగా కనిపించేదల్లా అందరిదీ అయిపోదు.

లైసెన్సుల మధ్య తేడా

క్రియేటివ్ కామన్స్ సంస్థ 2001లో పుట్టింది, మొదటి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి, ఇప్పుడు వాడాల్సిన 4.0 వెర్షన్ 2013లో వచ్చింది. లైసెన్సులు ఆరు ఉన్నా వాటిలో ఉన్న షరతులు నాలుగే. పేరు చెప్పాలి అన్నది బై. మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి అన్నది ఎస్ఏ. వ్యాపారానికి కాదు అన్నది ఎన్‌సీ. మార్చి పంచకూడదు అన్నది ఎన్‌డీ. బై ఆరింటిలోనూ ఉంటుంది. ఇవికాక హక్కులన్నీ వదిలేసే సీసీ0 ఉంది (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్).

ఎన్‌డీ గురించి ఎక్కువ చెప్పను. నోట్సుకి, పాఠాలకి అది పనికిరాదు. ఎనిమిదో తరగతి పాఠాన్ని ఆరో తరగతికి తేలిక చేసి పంచడం కుదరదు, ఒడిశా సరిహద్దు బడుల కోసం ఒడియాలోకి మార్చి పంచడమూ కుదరదు. మీ పేరు మీద మీ మాటలు మారకూడదనుకునే వ్యాసానికో, తీర్మానానికో అయితే సరే.

అసలు బేరం ఎన్‌సీకీ ఎస్ఏకీ మధ్యే. అడిగిన టీచర్లలో చాలామంది నేరుగా ఎన్‌సీ దగ్గరికే వెళ్తారు. "నేను రాత్రుళ్ళు కూర్చుని చేసింది ఎవడో అమ్ముకుంటే?" అన్నది వాళ్ళ బాధ. న్యాయమైన బాధే. కానీ ఎన్‌సీ పెట్టగానే ఎవరెవరు బయటికి పోతారో చూడండి. వికీపీడియా, దాని ఫోటోలూ వీడియోలూ దాచే వికీమీడియా కామన్స్ ఎన్‌సీని తీసుకోవు. మీ మెటీరియల్‌ని పుస్తకంగా వేసి ధర పెట్టే ఊరి ప్రచురణకర్త పోతాడు. యూట్యూబులో ప్రకటనలు వచ్చే పాఠాలు చెప్పే కుర్రాడు, తనది వ్యాపారమా కాదా తేల్చుకోలేక వెనక్కి తగ్గుతాడు. లైసెన్సులో రాసిన మాట "ప్రధానంగా వ్యాపార లాభం కోసం, లేదా డబ్బు ప్రతిఫలం కోసం ఉద్దేశించిన వాడకం" అనే అర్థంలో ఉంటుంది. చూసేది ఎవరు వాడారని కాదు, ఎందుకు వాడారని. ఆ గీత ఎక్కడుందో లాయర్లకే తగువు.

జెరాక్సు షాపు సంగతి తీసుకోండి. పిల్లవాడు ఎన్‌సీ పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్రింటు తీయించుకుంటాడు, షాపువాడు పేజీకి ఇంతని తీసుకుంటాడు. ఇది వ్యాపార వాడకమా? అచ్చం ఇలాంటి గొడవే అమెరికాలో కోర్టుకెక్కింది. బడుల కోసం ఎన్‌సీ లైసెన్సు కింద ఇచ్చిన గణితం మెటీరియల్‌ని కాపీ షాపులు డబ్బు తీసుకుని ప్రింటు చేశాయని గ్రేట్ మైండ్స్ అనే సంస్థ దావా వేసింది. ఫెడెక్స్ ఆఫీస్ మీద 2018లో, ఆఫీస్ డిపో మీద 2019లో అప్పీలు కోర్టులు షాపుల వైపే చెప్పాయి. బడి తరఫున కాపీ తీసిపెట్టిన షాపు లైసెన్సు దాటినట్టు కాదన్నాయి. అవి మన కోర్టులకు కట్టుబాటు కావు. కానీ లైసెన్సు రాసిన తర్వాత కూడా ఇంత తగువు పడాల్సి వచ్చిందంటే ఎన్‌సీలో ఎంత మసక ఉందో తెలుస్తుంది.

ఎస్ఏ ఆ బాధని వేరే దారిలో తీరుస్తుంది. కోచింగ్ సెంటరువాడు మీ బిట్ బ్యాంకుని మార్చి, పెంచి అమ్మొచ్చు. కానీ మీ పేరు ఉంచాలి, తను పెంచినదాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. అంటే కొన్న మొదటి పిల్లవాడే దాన్ని గ్రూపులో హాయిగా పంచేయొచ్చు. అలాంటి సరుక్కి పెద్ద ధర నిలవదు. పైగా వాడు చేర్చిన ప్రశ్నలు మీరు తిరిగి తీసుకోవచ్చు. ఒప్పుకోకుండా పేరు చెరిపి అమ్మితే లైసెన్సు దానంతట అదే రద్దవుతుంది, అప్పుడది మామూలు కాపీరైట్ ఉల్లంఘనే. తప్పు తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే లైసెన్సు తిరిగి వస్తుంది. ఈ సర్దుబాటు 4.0లోనే వచ్చింది, పాత వెర్షన్లలో లేదు. వెర్షన్ నంబరు రాయాలని పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఎన్‌సీతో ఇంకో ముడి, కలపడం. వికీపీడియా పాఠం బై-ఎస్ఏ. మీ దగ్గరున్న పటం బై-ఎన్‌సీ-ఎస్ఏ. రెండూ "అదే లైసెన్సు కింద ఇవ్వాలి" అంటాయి, ఆ రెండు లైసెన్సులూ ఒకటి కావు. కలగలిపి ఒకే వర్క్‌షీటుగా చేయలేరు. పక్కపక్కన విడిగా పెట్టి, దేని కింద దాని లైసెన్సు రాస్తే మాత్రం ఇబ్బంది లేదు.

మరి ఎన్‌సీ ఎప్పుడు? డబ్బిచ్చి అనుమతి అడిగేవాళ్ళు నిజంగా వచ్చేచోట. అది నోట్సు దగ్గర రాదు. పాట దగ్గర వస్తుంది.

పాటలు రికార్డు చేసేవాళ్ళకు

తప్పెటగుళ్ళు, జముకుల కథ రికార్డు చేసి పెట్టే కుర్రాళ్ళు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. ఇక్కడ హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి. పాట తరతరాలదైతే దానికి ఒక్కరంటూ హక్కుదారు ఉండకపోవచ్చు. గురువుగారు కొత్తగా కట్టిందైతే అది ఆయనది. పాడినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు. రికార్డు చేసినవారికి సౌండ్ రికార్డింగ్ హక్కు, ప్రచురించిన తర్వాత 60 ఏళ్ళు. ఫోను మీదైనంత మాత్రాన మూడు పొరలకీ మీరే లైసెన్సు పెట్టలేరు.

పాట మొదలయ్యే ముందే బృందాన్ని కూర్చోబెట్టి సంగతి వివరంగా చెప్పండి. "దీన్ని లోకంలో ఎవరైనా వింటారు, పంచుకుంటారు, మీ బృందం పేరు చెబుతారు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం." చివరి ముక్క తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఈ లైసెన్సులు రద్దు చేసుకునేవి కావు. కాగితం చదివి వినిపించి బృందంలో అందరి చేతా సంతకమో వేలిముద్రో తీసుకోండి, పెద్ద ఒక్కడి సంతకం చాలదు.

ఏ లైసెన్సు అంటే, ఇక్కడ నేను బై-ఎన్‌సీ-ఎస్ఏ వైపు. సినిమాకో ప్రకటనకో ఆ దరువు కావాలన్నవాడు బృందాన్ని వెతుక్కుంటూ వచ్చి డబ్బిచ్చి విడిగా అనుమతి తీసుకోవచ్చు. ఎన్‌సీ పెట్టినంత మాత్రాన మీరు వేరే ఒప్పందం చేసుకునే హక్కు పోదు. వికీమీడియా కామన్స్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ఒకటో రెండో పాటలు ఎంచి బై-ఎస్ఏ కింద ఇవ్వండి, బృందం ఒప్పుకుంటేనే.

ఫోటోలకు బై-ఎస్ఏ లేదా ఉత్త బై. 2012 సవరణ తర్వాత ఫోటోకీ తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు ఇవాళ తేలినీలాపురంలో తీసిన పెలికాన్ ఫోటోకి వచ్చే శతాబ్దంలో కూడా అనుమతి అడగాల్సి రావచ్చు, అప్పుడు అడిగేది ఎవరిని? ఆ రోజుకి మీరు రాసిపెట్టిన లైనే మీ తరఫున మాట్లాడాలి. యూట్యూబులో ఒక ఇబ్బంది ఉంది. సెట్టింగుల్లో వాళ్ళిచ్చే క్రియేటివ్ కామన్స్ ఎంపిక బై ఒక్కటే. బై-ఎస్ఏ కావాలంటే అక్కడ మామూలు లైసెన్సు అలాగే ఉంచి, వివరణలో మీ లైసెన్సు రాయండి.

జాబితాలకు సీసీ0. ఉద్దానంలో ఏ ఊళ్ళో ఏ బోరు, నీటి పరీక్ష ఎప్పుడు చేశారు అని ఎవరైనా స్వచ్ఛందంగా పట్టిక కడితే, దాని విలువంతా పదిమంది కలుపుకోవడంలోనే ఉంది. వందమంది పేర్లు వరసగా రాయాల్సి వస్తే ఎవరూ కలపరు. జనమే కలిసి కట్టే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి 2012 నుంచి ఓడీబీఎల్ అనే వేరే లైసెన్సు ఉంది, సీసీ బై పెట్టిన డేటాని అందులో చేర్చడానికి విడిగా అనుమతి పత్రం అడుగుతారు. సీసీ0 అయితే ఆ తిప్పలుండవు. మన చట్టంలోనూ 21వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రకటనతో హక్కు వదులుకోవచ్చు.

సాఫ్ట్‌వేరుకి క్రియేటివ్ కామన్స్ వద్దు, ఎంఐటీ, జీపీఎల్ లాంటివి దానికోసమే ఉన్నాయి. ఫాంట్లకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది. మన గడ్డ పెద్దల పేర్లు పెట్టుకున్న గిడుగు, గురజాడ ఫాంట్లు దాని కిందే వచ్చాయి. డౌన్‌లోడు చేసి ఫోల్డరు తెరవండి, ఫాంటు పక్కనే లైసెన్సు ఫైలు కూర్చుని ఉంటుంది. ఫాంటుని విడిగా అమ్మకూడదు, దానితో కొట్టిన పెళ్ళికార్డు మాత్రం ఇష్టమొచ్చినంతకి అమ్ముకోవచ్చు అని అందులో తేటగా ఉంది. డీటీపీవాడు ఎవరినీ అడగక్కర్లేదు.

లైను ఎలా రాయాలి

కోటబొమ్మాళి టీచరొకరు సాంఘికశాస్త్రం నోట్సు చేశారనుకుందాం. నేనైతే ఇలా రాయమంటాను:

"ఈ నోట్సులో పాఠం, నేను గీసిన బొమ్మలు © 2025 (మీ పేరు), కోటబొమ్మాళి. వీటిని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 ఇంటర్నేషనల్ లైసెన్సు కింద ఇస్తున్నాను (లైసెన్సు లింకు). 7వ పేజీ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లది. 12వ పేజీలో పాఠ్యపుస్తకం బొమ్మ ఈ లైసెన్సులోకి రాదు. వాడుకుంటే నా పేరు, ఊరు, లైసెన్సు లింకు రాయండి, మార్పులు చేస్తే చేశామని చెప్పండి."

ఐదే వాక్యాలు. ఏది ఇస్తున్నారు, ఎవరిది, ఏ లైసెన్సు, ఏది ఇందులో లేదు, పేరు ఎలా రాయాలి, అన్నీ వచ్చేశాయి. వీటిలో జనం ఎక్కువగా మరిచిపోయేది ఏది ఇందులో లేదు అన్నది, తగువులు ఎక్కువ వచ్చేదీ అక్కడే.

ఒట్టి "సీసీ" అని గుర్తు వేసి వదిలేయకండి, ఆరింటిలో ఏదని అనుకోవాలి? "సీసీ బై" అని రాసి కిందనే "సర్వహక్కులూ మావే" అనో "ముందు అనుమతి తీసుకోవాలి" అనో రాయకండి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సొంత షరతులూ కలపకండి. స్వామివారి ఫోటోని చికెన్ షాపు బోర్డు మీద వేయకూడదని మీకుంటుంది, సహజం. దాన్ని "మనవి" అని విడిగా రాసుకోండి. లైసెన్సులో షరతుగా చేరిస్తే అది ఇక క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాదు, ఆ పేరు వాడకూడదు.

ఎక్కడ రాయాలన్నది తేలిగ్గా తీసుకునేది కాదు. వాట్సాప్‌లో పీడీఎఫ్ మొత్తం తిరగదు, 4వ పేజీ స్క్రీన్‌షాట్ ఒక్కటే తిరుగుతుంది. అందుకే ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాలతో పేరు, "సీసీ బై-ఎస్ఏ 4.0" ఉండాలి, పూర్తి లైను మొదటి పేజీలో ఉండాలి. ఫోటో ఫైలు లోపల దాచిన వివరాలు వాట్సాప్ దాటితే మిగలవు, కాబట్టి ఫోటో అంచున కనపడేలా రాయండి. వీడియోకి వివరణలోనూ, మొదటి రెండు మూడు సెకన్లలోనూ.

ఇప్పటికే లైసెన్సు లేకుండా గ్రూపుల్లో తిరుగుతున్న పాత ఫైళ్ళ కోసం బెంగ అక్కర్లేదు. లైసెన్సు లైనుతో కొత్త కాపీ పెట్టి, "ఇంతకు ముందు ఇదే పేరుతో ఇచ్చిన కాపీలకూ ఈ లైసెన్సే వర్తిస్తుంది" అని తేదీ వేసి చేర్చండి. ఎన్‌సీతో మొదలుపెట్టి తర్వాత బై-ఎస్ఏకి రావచ్చు, ఎవరూ కాదనరు. ఉల్టా కుదరదు. బై-ఎస్ఏ కింద తీసుకున్నవాడు దాన్ని అలాగే వాడుకుంటూ ఉంటాడు. కాబట్టి ఎటూ తేలకపోతే కొన్నాళ్ళు గట్టిదే పెట్టి చూడండి, కానీ దాని పేరూ వెర్షనూ పూర్తిగా రాసి పెట్టండి.